మూడో నంబరు ఫర్నేసు పచ్చ పొర

మూడో నంబరు ఫర్నేసుకు పురుడు పోసింది హైమవతే.

విశాఖపట్నం దాటాక, సముద్రపు గాలికి తలుపు గడియలు కూడా నాలుగు వానలకే రాలిపోయే చోట, ప్రభుత్వ ఉష్ణలోహ కర్మాగారం ఉంది. పళ్ళచక్రాలూ ఇరుసులూ అక్కడికి మెత్తగా వచ్చి, ఫర్నేసులో కాగి, గట్టిపడి బయటికి పోతాయి. ఫర్నేసు లోపల వరసగా లోహపు గొట్టాలుంటాయి. గ్యాసు వాటి లోపల మండుతుంది, గొట్టాలు ఎర్రగా కాగుతాయి, ఆ వేడికి సరుకు కాగుతుంది. అలజంగి హైమవతి ఆ ఫర్నేసుల విభాగానికి సీనియర్ మేనేజరు. లోహశాస్త్రం చదువుకుని, ఆ చదువుతోనే ఉద్యోగం చేస్తున్న కొద్దిమందిలో ఆవిడ ఒకరు. ఆ సంస్థలో ఇది కాస్త వింతే. అక్కడ లెక్కలు చదివినవాళ్ళు తోటలు చూసుకునేవారు, వృక్షశాస్త్రం చదివినవాళ్ళు జీతాల బిల్లులు చూసుకునేవారు.

కొత్త గొట్టాలు బిగించినప్పుడు సరుకు పెట్టరు. ఖాళీ ఫర్నేసును నింపాదిగా వేడెక్కించి, శుభ్రమైన గాలి ఆడనిచ్చి, కొన్నాళ్ళు దాని మానాన దాన్ని వదిలేస్తారు. పుస్తకాల్లో దీనికేదో పెద్ద పేరుంది గాని అక్కడివాళ్ళు పురుడు అంటారు. పురుడు వెళ్ళేదాకా తలుపు తీయకూడదు. దగ్గర్లో సమ్మెటతో బాదకూడదు. ఫర్నేసు మేస్త్రీ ముద్దాడ సింహాద్రి ఆ రోజుల్లో గట్టిగా తుమ్మినవాణ్ణి కూడా కసిరేవాడు. తుమ్ముకూ గొట్టానికీ సంబంధం లేదని హైమవతికి తెలుసు, అయినా ఏమీ అనేది కాదు.

ఇంత మర్యాద ఎందుకంటే, మామూలు ఇనుము కాగితే దాని మీద పుట్టే తుప్పు గుల్లగా ఉంటుంది. గాలిని లోపలికి రానిస్తూ, పెచ్చులుగా రాలుతూ, చివరికి ఇనుమునే మింగేస్తుంది. ఈ గొట్టాల లోహంలో క్రోమియం కలిసి ఉంటుంది. మొదటిసారి కాగినప్పుడు ఆ క్రోమియం పైకి వచ్చి, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, పలచగా, బిగుతుగా, నాచు రంగులో ఒక పొర కడుతుంది. పొర కట్టాక గాలికి దారి దొరకదు. మందమయ్యేకొద్దీ దాని ఎదుగుదల కూడా తగ్గిపోతుంది, తనకెంత కావాలో అంతే పెరిగి ఊరుకుంటుంది. ప్రభుత్వ సంస్థలో అలా ఊరుకునే వస్తువు మరొకటి లేదని హైమవతి అంటూండేది. ఆ పొర పుణ్యమా అని మూడో నంబరు ఫర్నేసు ఏళ్ళ తరబడి మండుతూనే ఉంది. ఒకటీ రెండూ ఎప్పుడో మూతపడ్డాయి. కర్మాగారంలో పొయ్యి వెలుగుతోందంటే అది మూడోదే.

అలాంటి రోజుల్లో త్రివిక్రమ ప్రసాద్ గారు సంచాలకులుగా వచ్చారు. అంతకుముందు ఆయన అతిథి గృహాల విభాగంలో పనిచేశారు. అక్కడ కుళాయిలన్నీ తళతళలాడించినందుకు రాజధానిలో పతకం ఇచ్చారు. కుళాయిల్లో నీళ్ళు వచ్చేవా అని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

వచ్చిన వారానికే ఉత్తర్వు వెలువడింది. "సముద్రతీర వాతావరణ దుష్ప్రభావము వలన సంస్థాగత లోహ సంపద కాంతిహీనమగుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. కావున నేటి నుండి తళుకు ఉద్యమము అమలులోకి వచ్చును. ప్రాంగణమందలి ప్రతి లోహ వస్తువు ముఖదర్శన ప్రమాణమునకు లోబడి ఉండవలెను."

ముఖదర్శన ప్రమాణం అంటే ఏమిటో ఆయనే తిరిగి చూపించారు. లోహపు వస్తువు ముందు తనిఖీ అధికారి నిలబడాలి. అందులో ఆయన ముఖం కనిపించాలి. నోరు తెరిస్తే పళ్ళు విడివిడిగా కనిపించాలి. అందుకని ఆయన కాంటీను పళ్ళేల ముందూ, జెండా స్తంభం ముందూ, లారీల బంపర్ల ముందూ వంగి నోరు తెరుస్తూ కర్మాగారమంతా తిరిగారు. వెనక ఇద్దరు అధికారులు పుస్తకం పట్టుకుని నడిచారు. పళ్ళు కనిపించని చోట బాధ్యుడికి మెమో ఇచ్చారు. జెండా స్తంభం సన్నగా ఉండడం వల్ల ముఖం సాగినట్టు కనిపించిందని, దానికి మాత్రం మినహాయింపు ఇచ్చారు.

హైమవతి మొదట్లో నవ్వుకుంది. ఇంటికి వెళ్ళి భర్తతో చెప్పి ఇద్దరూ నవ్వుకున్నారు. మరమ్మతుల కోసం మూడో నంబరు ఫర్నేసు చల్లార్చి తలుపు తీసిన రోజున, సంచాలకులు గారు లోపలికి తొంగి చూశారు. గొట్టాలన్నీ నాచు రంగులో, గుడ్డిగా ఉన్నాయి. ఆయన దగ్గరికెళ్ళి నోరు తెరిచారు. ఏమీ కనిపించలేదు.

"ఇదేమిటి హైమవతి గారూ."

"ఆక్సైడు పొర సర్. గొట్టాన్ని కాపాడేది అదే."

"ఆక్సైడు అంటే తుప్పే కదా."

"అన్ని ఆక్సైడులూ తుప్పు కావు సర్. ఇది లోపలి క్రోమియం పైకొచ్చి కట్టుకున్న పొర. గాయం మీద పక్కు కట్టినట్టనుకోండి. గీకితే మళ్ళీ గాయమే."

సంచాలకులు గారు వెనక్కి తిరిగి పుస్తకం పట్టుకున్న అధికారితో, "మన సంస్థలో గాయాలున్నాయని మేనేజరు గారు అంగీకరిస్తున్నారు, రాసుకోండి," అన్నారు. తర్వాత ఆవిడతో చాలా మెత్తగా, "ఈ పొర ఎన్నాళ్ళ నుంచి ఉంది?" అని అడిగారు.

"గొట్టాలు బిగించిన దగ్గర్నుంచీ ఉంది సర్."

"మీకు తెలిసే ఉందన్నమాట."

"నేనే కట్టించాను సర్."

ఆ మాట ఆవిడ కొంచెం గర్వంగానే అంది. ఆ గర్వానికి ఆవిడకు మెమో వచ్చింది. పొరకు గీకుడు ఉత్తర్వు వచ్చింది.

గీకడానికి ఇసుక చిమ్మే యంత్రం తెప్పించారు. అది చేరని మూలల్లో తీగ బ్రష్షులతో తోమారు. గొట్టాలు పెళ్ళివారి గిన్నెల్లా మెరిసిపోయాయి. సంచాలకులు గారు ఫర్నేసులోకి దూరి, ప్రతి గొట్టం ముందూ నోరు తెరిచి, తృప్తిగా బయటికొచ్చారు. ఫర్నేసు మళ్ళీ వెలిగించారు. లోపలి క్రోమియం పాపం మళ్ళీ పైకొచ్చి, మళ్ళీ పొర కట్టింది. తర్వాతి మరమ్మతులకు తలుపు తీస్తే గొట్టాలు మళ్ళీ నాచు రంగులో ఉన్నాయి.

ఈసారి సంచాలకులు గారికి నిజంగానే కోపం వచ్చింది. గీకించిన పొర తిరిగి వచ్చిందంటే ఎవరో పనిగట్టుకుని పూస్తున్నారని ఆయన అనుమానం. విచారణ సంఘం వేశారు. సంఘం హైమవతిని పిలిచి, "పూసినది ఎవరు?" అని అడిగింది.

"ఎవరూ పూయలేదు. గాలి తగిలితే దానంతటదే కడుతుంది."

"గాలి ఫర్నేసులోకి ఏ మార్గమున ప్రవేశించుచున్నది?"

"మేమే పంపిస్తాం. గాలి లేకపోతే గ్యాసు మండదు."

సంఘం చాలాసేపు తర్జనభర్జన పడి, ఫర్నేసులోకి ప్రవేశించే గాలి విషయంలో విభాగం ఏ విధమైన తనిఖీ చేయడం లేదని తేల్చింది. గాలిని పూర్తిగా ఆపేయాలని ఒక సభ్యుడు సిఫారసు చేశాడు. ఆపితే పొయ్యి ఆరిపోతుందని హైమవతి చెప్పింది. ఆరిపోయిన పొయ్యిలో పొర కట్టదు గదా, అదే ఆదర్శ స్థితి గదా అని ఆ సభ్యుడు అన్నాడు. ఉత్పత్తి లేకపోతే ఉత్పత్తి బోనసు కూడా ఉండదని ఎవరో గుర్తు చేయడంతో ఆ సిఫారసు వీగిపోయింది. గాలిని అనుమతించి, పొరను మాత్రం ప్రతిసారీ గీకాలని నిర్ణయించారు.

యూనియను వాళ్ళు అడ్డం పడతారని హైమవతి ఆశపెట్టుకుంది. యూనియను వాళ్ళు గీకుడు భత్యం అడిగారు. అది మంజూరైంది. తర్వాత గీకుడు పనిని శాశ్వతం చెయ్యాలని గేటు దగ్గర నినాదాలు చేశారు.

"నువ్వు కూడానా సింహాద్రీ," అంది హైమవతి.

"మరేటి సెయ్యమంటారు మేడమ్," అన్నాడు సింహాద్రి, బ్రష్షు పట్టుకునే. "ఒద్దని ఏ నోటితో సెప్పమంటారు. పురుడెట్టినోల్లూ మేమే, సరమం ఒలిసీసీవోల్లూ మేమే. నాకైతే సేతులాడ్డం నేదండి. అలగని భత్యం ఒదిలీగల్నా?"



మూడుసార్లు గీకాక, హైమవతి ఒక గొట్టం చివర చిన్న ముక్క కోయించి, సాన పట్టించి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసింది. చూసి తల పట్టుకుంది. గీకినప్పుడల్లా కొత్త పొరకు కావలసిన క్రోమియం లోపలి నుంచే రావాలి. గొట్టం పైభాగంలో క్రోమియం దాదాపు ఖాళీ అయిపోయింది. ఇంకొక్క పొర కట్టడానికి సరిపడా మిగిలింది. ఆ పొర కూడా పోతే ఇక పచ్చ పొర పుట్టదు. లోహం మామూలు ఇనుములా గుల్లబారి, కాగితంలా కాలిపోతుంది. లోపల మండే గ్యాసు బయటికి తన్నుకొస్తుంది. ఆ తలుపు ముందు నిలబడేది సింహాద్రీ, అతని మనుషులూ. కొత్త గొట్టాలు మంజూరు కావాలంటే రాజధానిలో ఫైలు కదలాలి. అది కదిలేలోగా కర్మాగారానికి తాళాలు పడతాయి, కాంట్రాక్టు మీద ఉన్నవాళ్ళంతా రోడ్డున పడతారు.

ఆవిడ ఇదంతా రాసి పంపింది. బొమ్మలు కూడా జత చేసింది. బొమ్మల్లో తళుకు లేదని తిరిగి వచ్చింది.

ఆ సాయంత్రం ఆవిడ మెట్లు దిగుతుంటే, ఆఖరి మెట్టు పక్కన ఎప్పటి నుంచో పడి ఉన్న విరిగిన టైపు మిషను కాలికి తగిలింది. దాని మీద తెల్ల రంగుతో ఆస్తి సంఖ్య రాసి ఉంది. కీలు ఊడిపోయి, సగం పళ్ళు రాలిపోయి, పిల్లి పిల్లల్ని పెట్టే జాగా అయిపోయినా, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. తళుకు ఉద్యమం వచ్చినా దాన్ని తోమలేదు. తోమితే సంఖ్య చెరిగిపోతుందని స్టోర్స్ వాళ్ళు ఒప్పుకోలేదట. అందరూ పక్క నుంచి దాటుకుని పోతున్నారు. హైమవతి అక్కడే నిలబడిపోయింది. ఈ సంస్థలో ఊరికే వచ్చింది మురికి, సంఖ్య ఉన్నది ఆస్తి. ఇంతకాలం పొర మంచిదని వాదించి తను తప్పు చేసిందని ఆవిడకు అర్థమైంది. పొరకు సంఖ్య లేదు, అదీ దాని నేరం.

ఇంటికి పోయి భర్త వండిన ఉప్మా చల్లారిపోతున్నా లేవకుండా ప్రతిపాదన రాసింది. అందులో తుప్పు అన్న మాట గాని, ఆక్సైడు అన్న మాట గాని రానివ్వలేదు. "స్వదేశీ స్వయంజనిత హరిత రక్షణ కవచము" అని పేరు పెట్టి, దానికో ఆస్తి సంఖ్య వేయించమని కోరింది. విదేశాల్లో ఇలాంటి కవచాలను ఖరీదు పెట్టి పూయించుకుంటారనీ, మన సంస్థ గొట్టాలు దార్శనిక నాయకత్వం కింద తమంతట తాము ఆ కవచాన్ని ధరించే స్థాయికి ఎదిగాయనీ రాసింది. దార్శనిక నాయకత్వం అన్నచోట కలం కాస్త ఆగింది గాని, గొట్టాలను తల్చుకుని ముందుకు కదిలింది.

సంచాలకులు గారు రెండుసార్లు చదివి, లేచి నిలబడ్డారు.

"హైమవతి గారూ, ఇన్నాళ్ళూ ఈ విషయం నాకెందుకు చెప్పలేదు? ఆ మురికి పొరను నేను నిర్మూలించబట్టే గదా దీనికి చోటు దొరికింది."

"అవును సర్," అంది హైమవతి. అంత పెద్ద అబద్ధం ఆవిడ ఉద్యోగంలో చేరాక ఆడలేదు.

హరిత కవచ పథకం మొదలైంది. గీకుడు ఆగింది. గీకుడు భత్యం కవచ భత్యంగా మారింది, కాబట్టి యూనియను కూడా సంతోషించింది. మూడో నంబరుకు మళ్ళీ పురుడు పోశారు. ఈసారి హైమవతి ఎవరినీ నమ్మలేదు. గాలి ఎంత వెళ్ళాలో, వేడి ఎంత నెమ్మదిగా పెరగాలో తనే దగ్గర కూర్చుని చూసుకుంది. ప్రారంభోత్సవం తొందరగా పెట్టాలని సంచాలకులు గారు కబురు పంపితే, కవచం ముహూర్తానికి లొంగదని జవాబు పంపింది. సింహాద్రి తుమ్మొచ్చినప్పుడల్లా గోడవతలికి పరిగెత్తి తుమ్మి వచ్చాడు. తలుపు తీసిన రోజున గొట్టాల మీద పలచగా, నున్నగా, నాచు రంగు పొర ఉంది. హైమవతికి కళ్ళు చెమర్చాయి. గొట్టాల్లో మిగిలిన ఆఖరి పొర అదేనని ఆవిడకొక్కదానికే తెలుసు.

సింహాద్రితో మాత్రం చెప్పింది. "దీన్ని ఎవరూ ముట్టుకోకపోతే నీ సర్వీసంతా వస్తుంది. ముట్టుకుంటే ఇక లేదు."

"సంక్య ఉందిగదండి. ఎవుడు ముట్టుకుంటాడు," అన్నాడు సింహాద్రి.

ఆస్తి సంఖ్యను పొర మీదే తెల్ల రంగుతో రాస్తామని స్టోర్స్ వాళ్ళు వచ్చారు. హైమవతి వాళ్ళను ఎలాగో ఒప్పించి ఒక ఇత్తడి బిళ్ళ మీద రాయించి తలుపుకు వేలాడదీయించింది. "హరిత కవచము, ముట్టరాదు" అన్న బోర్డు కూడా పెట్టారు. ఫర్నేసు మండింది. సరుకు వచ్చింది, పోయింది. కర్మాగారంలో అంత ప్రశాంతంగా రోజులు గడవడం ఎవరూ ఎరగరు.

పథకం పేరు రాజధానిదాకా పోయింది. హరిత కవచం గురించి ప్రసంగించడానికి సంస్థ తరఫున ఒకరు రావాలన్నారు. సంచాలకులు గారు ఎంతో పెద్ద మనసుతో హైమవతిని పంపారు. ఆవిడ అక్కడ నీలం పరదాల హాల్లో నిలబడి, పొర అంటే ఏమిటో, అది గొట్టాన్ని ఎలా కాపాడుతుందో చెప్పింది. ఇన్నేళ్ళలో మొదటిసారి జనం నోరు మూసుకుని విన్నారు. శాలువా కప్పారు. శాలువాతోనే బయటికొచ్చి ఫోను చూసుకుంటే, సింహాద్రి నుంచి బోలెడన్ని మిస్డ్ కాల్స్ ఉన్నాయి.

"మేడమ్, గీకీసినారండి," అన్నాడు సింహాద్రి.

"ఎవరు?"

"టోర్సోల్లు. సమత్సరాంతం తనికీయట, పొయ్యి సల్లార్పించీసినారు. మావేటి సేత్తాం. పోలీసోల్ని తెచ్చీసినారు."

శాలువా ఎప్పుడు జారిపోయిందో ఆవిడ చూసుకోలేదు. ఆ రాత్రే తిరుగు రైలెక్కింది. దిగీ దిగగానే స్టోర్స్‌కు వెళ్ళింది.

స్టోర్స్ అధికారి కరణం భుజంగరావు లేచి కుర్చీ వేశారు. ఆయన చెడ్డవాడు కాడు. సంస్థలో గుండుసూది పోయినా ఆయనకు అన్నం సయించేది కాదు.

"రండి మేడమ్ గారూ. మీ ఆస్తి భద్రంగా ఉంది," అంటూ ఆయన బీరువా తెరిచారు. లోపల వెడల్పాటి మూతి గాజు సీసా ఉంది. అడుగున కాస్త ఆకుపచ్చ పొడి ఉంది. మూతకు లక్క ముద్ర ఉంది.



"ఎందుకు చేశారు భుజంగరావు గారూ."

"భౌతిక తనిఖీ అంటే కంటితో చూస్తే చాలదండి. తూకం వేయాలి. గొట్టంతో కలిపి తూచితే గొట్టమెంత, కవచమెంత అన్న ప్రశ్న వస్తుంది. పైగా గొట్టానికి వేరే ఆస్తి సంఖ్య ఉంది. ఒక ఆస్తి మీద మరో ఆస్తి ఎక్కి కూర్చుంటే అది ఆక్రమణ కిందికి వస్తుంది. అందుకని వేరుచేసి భద్రపరిచాం. రవ్వంత కూడా నేల మీద పడనివ్వలేదు, కింద దుప్పట్లు పరిపించాను."

"అది గొట్టం మీదుంటేనే దానికి పని."

"మీరు ఇండెంటు పెట్టండి, వాడకానికి ఇస్తాను. కాని మళ్ళీ వాడితే అరుగుతుంది కదా. అరిగేది ఆస్తి కాదు, వినియోగ వస్తువు. అప్పుడు సంఖ్య రద్దు చేయాలి. సంఖ్య రద్దయితే మళ్ళీ మురికి కింద లెక్క." ఆయన ఆవిడ ముఖం చూసి, నిజంగానే నొచ్చుకుంటూ, "మీ మంచికే చేశాను మేడమ్. అంత వేడిలో దాన్ని అలా వదిలేయడం నాకు మొదట్నుంచీ ఇష్టం లేదు," అన్నారు.

ఆవిడకు ఆయన్ని తిట్టాలనిపించింది. తిట్టినా లాభం లేదని తెలిసి, పొడి వైపు మరోసారి చూసి బయటికొచ్చేసింది. సంఖ్య వేయించమని అడిగింది తనే గదా అని దారిపొడుగునా తనను తానే తిట్టుకుంది.

ఫర్నేసు వెలిగించనని ఆవిడ రాసిచ్చింది. హరిత కవచాన్ని చూడడానికి రాజధాని నుంచి పెద్దలు వస్తున్నారనీ, చల్లటి ఫర్నేసు చూపించలేమనీ సంచాలకులు గారు తన సంతకంతోనే వెలిగించమన్నారు. కవచం సీసాలో ఉందని హైమవతి గుర్తుచేసింది. సీసా కూడా పళ్ళెంలో పెట్టి చూపిస్తామని ఆయన చెప్పారు.

వెలిగించిన కొన్నాళ్ళకే తొంగి చూసే రంధ్రంలోంచి సంగతి తెలిసిపోయింది. గొట్టాల మీద పచ్చ రంగు జాడ లేదు. నల్లగా, ఎర్రగా మందపాటి పెచ్చులు లేచి, మాడిన అప్పడాల్లా విరిగి కింద రాలుతున్నాయి. రాలిన చోట మళ్ళీ పెచ్చులు లేస్తున్నాయి. హైమవతి రోజూ ఒక లేఖ రాసింది. రోజూ అందినట్టు రసీదు వచ్చింది.

పెద్దలు వచ్చే రోజుకు ఏర్పాట్లన్నీ కాగితం మీద ఉన్నాయి. ఫర్నేసు సిబ్బంది తెల్ల చేతి తొడుగులతో తలుపు ముందు వరసగా నిలబడాలి. అతిథులు వారి ముందు నిలబడి ఫొటో తీయించుకుంటారు. ఆ కాగితం చూశాక హైమవతికి భయం వేసింది. మెమోల భయం కాదు. సింహాద్రి నవ్వుతూ తెల్ల తొడుగులతో ఆ తలుపు ముందు నిలబడడం కళ్ళకు కట్టినట్టు కనిపించి వేసిన భయం.

అతిథులు కాంటీన్లో వడలు తింటుండగా ఆవిడ సింహాద్రిని పక్కకు పిలిచింది.

"మీవాళ్ళందర్నీ తీసుకుని గేటు బయటికి పో. ఎవరు పిలిచినా రాకు."

"సంచాలకులుగారు వరసలో ఉండమన్నారండి. ఉద్యోగాలు పోతాయి మేడమ్."

"పోనీ. నువ్వు పో సింహాద్రీ. నీకు దండం పెడతాను, పో."

మేనేజరు దండం పెడతాననడం సింహాద్రి ఎన్నడూ వినలేదు. మనుషుల్ని వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు. ఇప్పుడే ఆర్పేస్తే ఇంకెవరిచేతో మళ్ళీ వెలిగిస్తారు, అందుకని హైమవతి గోడవతల ఉన్న గ్యాసు వాల్వు చక్రం మీద రెండు చేతులూ వేసి నిలబడింది.

సంచాలకులు గారు అతిథులతో వచ్చేసరికి తలుపు ముందు ఎవరూ లేరు. వరస లేనిదే ఫొటో లేదు, అందుకని అందరూ దూరంగానే ఆగిపోయారు. భుజంగరావు గారు సీసా పళ్ళెం పట్టుకుని వాళ్ళ వెనకే ఉన్నారు. సిబ్బంది క్రమశిక్షణ గురించి సంచాలకులు గారు గొంతు పెంచి మాట్లాడుతుండగానే లోపల ఏదో కుప్పకూలిన చప్పుడైంది. తలుపు సందుల్లోంచి మంట నాలుక సాచి, వరస నిలబడాల్సిన చోటంతా నాకింది. హైమవతి బలమంతా పెట్టి చక్రం తిప్పేసింది. మంట ఆరిపోయింది. తెల్ల తొడుగులు పెట్టిన బల్ల ఒక్కటి కాలిపోయింది. అరుస్తూ పరిగెత్తినవాళ్ళలో భుజంగరావు గారు లేరు. ఆయన సీసాను గుండెకు హత్తుకుని నేల మీద కూర్చుండిపోయారు.

విచారణ జరిగింది. మూడో నంబరు ఫర్నేసు పనికిరాకుండా పోయినట్టు తేలింది. అయితే గొట్టాలు పాతవి కాబట్టి వాటి విలువ పుస్తకాల్లో ఎప్పుడో సున్నా అయిపోయింది. విలువైన ఆస్తి అయిన హరిత కవచం మాత్రం ముందుజాగ్రత్తగా వేరుచేయబడి సురక్షితంగా ఉంది. "కావున ఈ ఘటన వలన సంస్థకు ఎట్టి నష్టమూ వాటిల్లలేదు" అని నివేదిక. అంతటి ముందుచూపుకు త్రివిక్రమ ప్రసాద్ గారిని రాజధానికి పైపదవిలోకి పిలిపించుకున్నారు. సిబ్బంది వరసలో లేకపోవడానికి కారకురాలని హైమవతికి ఇంక్రిమెంట్లు ఆపారు. ఫర్నేసుల విభాగం రద్దు చేసి, హరిత కవచ పరిరక్షణ విభాగం పెట్టి, దానికి ఆవిణ్ణి అధిపతిని చేశారు. కాంట్రాక్టు వాళ్ళని ఇళ్ళకు పంపేశారు. వాళ్ళు వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరే వచ్చి హైమవతికి చెప్పి వెళ్ళారు. ఎవరూ ఆవిణ్ణి నిందించలేదు. నిందిస్తే బాగుండేదని ఆవిడకు అనిపించింది.

సింహాద్రి పర్మనెంటు కాబట్టి అతన్ని సీసాకు కాపలా వేశారు. సీసాకు ఏసీ గది ఇచ్చారు. కిటికీలోంచి చూస్తే, పాత ఇనుము కొనేవాళ్ళు మూడో నంబరును ముక్కలుగా కోస్తూ కనిపిస్తారు.

"ఈ గుండ మల్లీ గొట్టానికి అంటుకోదా మేడమ్," అన్నాడు సింహాద్రి ఒక మధ్యాహ్నం, బల్ల మీది సీసాను చూస్తూ.

"అంటుకోదు సింహాద్రీ."

"ఎంత జేసినా?"

"ఎంత చేసినా అంటుకోదు. అది లోపల్నుంచి రావాలి."

సింహాద్రి తలాడించి కిటికీ వైపు తిరిగిపోయాడు. అతను బతికి తన ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉన్నాడు, అదొక్కటే హైమవతికి ఓదార్పు. ఫర్నేసును కోస్తున్న చప్పుడు అతను వింటున్నాడని తెలిసి ఆ ఓదార్పు కూడా చేదుగా అనిపించింది.

అప్పుడే భుజంగరావు గారు కొత్తగా అచ్చు వేయించిన చీటీ, జిగురూ పట్టుకొచ్చి, సీసా మీద వంకర లేకుండా అంటించి, అరచేత్తో నాలుగు మూలలా అదిమారు. అధిపతి సంతకం కావాలంటే హైమవతి కళ్ళద్దాలు పెట్టుకుని చీటీ చదివింది.

"హరిత రక్షణ కవచము. ఎట్టి పరిస్థితులలోనూ వేడి తగలరాదు."

ఆవిడ సంతకం పెట్టింది.